గాలి స్ప్రింగులు - బరువు బండ్లు



పంచాయతీకి బండి కొనుటకో, ఉన్న బండిని బాగుచేయించుటకో తీర్మానము చేయునపుడు "స్ప్రింగులు గట్టిపరచిన ఎక్కువ బరువు లాగును గదా" యను మాట సభలో వినవచ్చును. ఈ మాటలో ఎంత నిజమున్నదో విచారింతము.

లాగుడు బండి వెనుక ట్రాలీని తగిలించినపుడు దాని బరువులో కొంత భాగము కొక్కెముపై పడును. అమెరికాలో పికప్ ట్రక్కులతో ట్రాలీలు లాగువారు ఈ భాగమును నూటికి 10 నుండి 15 వంతులుగా ఉంచుదురు. అనగా 3,000 కిలోల ట్రాలీకి 300 నుండి 450 కిలోలు. ఆ బరువునకు బండి వెనుకభాగము క్రుంగి, ముందుభాగము లేచును. ముందు చక్రములపై భారము తగ్గి స్టీరింగు పట్టు సడలును. దీపముల వెలుగు ఎదుటివారి కన్నులలో పడును.

దీనికి అచ్చట గాలి నింపిన రబ్బరు సంచులను స్ప్రింగులుగా వాడుచున్నారు. ఇందు రెండు మార్గములు గలవు. మొదటిది, కర్మాగారములోనే అమర్చి వచ్చునది. రామ్ 1500 అను ట్రక్కునకు 2013 మోడలు నుండి నాలుగు చక్రములకును ఈ ఏర్పాటు లభించెను. బండి ఎత్తును యంత్రమే కనిపెట్టి గాలిని సరిచేసికొనును. కాని వెల హెచ్చు. చెడిపోయిన మరమ్మతునకు నిపుణుడు కావలెను.

రెండవది, బండి కొన్న పిదప బయట కొని బిగించుకొనునది. కమాను పట్టీలు అట్లే యుండగా వానికి తోడుగా సంచులు పనిచేయును. ఖర్చు తక్కువ. సంచి చిల్లుపడినను పట్టీలు నిలిచియుండును. అయితే బరువెక్కించినపుడు గాలి నింపుట, దించినపుడు తగ్గించుట డ్రైవరు బాధ్యత. గాలి పూర్తిగా తీసివేసి నడపినచో సంచి నలిగి పాడగును.

అసలు సంగతి ఒకటి గలదు. బయట బిగించిన సంచులు బండిని సమముగా నిలుపునే గాని, దాని మోయు శక్తిని పెంచవు. ఇరుసు, బ్రేకులు, టైర్లు, చట్రము పూర్వమువలెనే యుండును. క్రుంగుట కనబడనందున అధిక భారము సంగతి మరుగున పడుటయే ఇందలి ప్రమాదము.

ఇది మనకును వర్తించును. 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి క్రింద తెలంగాణ పంచాయతీలు ట్రాక్టర్లు, ట్రాలీలు, నీటి ట్యాంకర్లు సమకూర్చుకొన్నవి. మన ట్రాలీలకు గాలి సంచులు లేకున్నను, అదనపు పట్టీలు వేయించు ఆలోచన అటువంటిదే. లీటరు నీరు కిలో తూగును. 5,000 లీటర్ల ట్యాంకరులో నీరే 5 టన్నులు. ఇనుము బరువు వేరు. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ప్రకారము అధిక భారమునకు 20,000 రూపాయలు, అదనపు టన్ను ఒక్కింటికి మరి 2,000 రూపాయలు జరిమానా గలదు.

కావున తీర్మానమునకు ముందు మూడు పనులు చేయుడు. రిజిస్ట్రేషను పత్రములో వ్రాసిన బరువును సభలో చదివించుడు. నిండు బండిని కాటాపై తూయించుడు. మార్పు చేయింపదలచినచో రవాణా అధికారిని ముందుగా సంప్రదించుడు. బరువు మితి మీరినచో రెండు దఫాలుగా తరలించుడు. అందుకగు డీజిలు ఖర్చు స్వల్పము; ఆ బండిని నడపువాడు మన ఊరి బిడ్డయే.