నీటిలోని దీపము
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్య, వివాహవ్యయము, వసతిగృహనిధి మున్నగు గంభీరవిషయముల నడుమ, సముద్రగర్భమున చలనచిత్రములు తీయుటకు ఇంట చేసికొను దీపములనుగూర్చి ఒక ఉపన్యాసము కార్యక్రమపత్రమున కానవచ్చుట కొందఱికి వింతగా తోచియుండును. నీటిలో దీపమేమి, దానితో మనకు పనియేమి యని అడిగినవారును గలరు. కొలిమి, మూస, ఆకురాయి, మాటు, ఈ నాలుగింటిని బాల్యమునుండి చూచిన యిండ్లవారికి ఈ పని ఇతరులకంటె సులభముగ చేతికి వచ్చునని నా అభిప్రాయము. అది పొగడ్త కాదు. ఏల యట్లనుచున్నానో క్రమముగా మనవిచేసెదను.

మొదట, నీటిలోనికి దీపమును కొనిపోవుట యెందులకు? చీకటియని కాదు. పట్టపగలు, తేటనీటిలో, పది మీటర్ల లోతున మనుష్యుడు చక్కగా చూడగలడు. అయినను అచట తీసిన చిత్రమంతయు నీలముగనో పచ్చగనో యుండును. ప్రవాళములు బూడిదరంగుగ తోచును. వ్రేలు తెగినచో కారు నెత్తురు నల్లగ కనబడును. నీరు ఎఱ్ఱనికాంతిని మ్రింగివేయుటయే దీనికి హేతువు. శుద్ధజలమున 5 మీటర్లు ప్రయాణము చేయునప్పటికి ఎఱ్ఱకాంతిలో ఐదవవంతైనను మిగులదు. నీలకాంతి నూటికి తొంబదివంతులకు పైగా మిగిలియుండును. సర్ చంద్రశేఖర వెంకట రామను గారు 1921లో ఐరోపా ప్రయాణమున మధ్యధరాసముద్రపు నీలిమను చూచి, అది కేవలము ఆకాశపు ప్రతిబింబము కాదనియు, నీటి యణువులు వెలుగును చెదరగొట్టుటయు కారణమనియు చూపిరి. వారు బాల్యమున విశాఖపట్టణమున సముద్రపుటొడ్డుననే చదువుకొన్నవారు. చెదరగొట్టుటకు ఈ మ్రింగుట తోడైనందుననే సముద్రము నీలమైనది.

కావున మనము దీపమును కొనిపోవునది వెలుగుకొఱకు గాదు, ఎఱ్ఱదనముకొఱకు. ఈ మాటను జ్ఞాపకముంచుకొన్నచో తక్కిన నిర్ణయములలో పెక్కు వాటియంతట అవియే తేలిపోవును. సూర్యకాంతి పై నుండి పది మీటర్లు దిగివచ్చుచు తన ఎఱుపును పోగొట్టుకొనినది. మన దీపమో, చేపకు ఒక మీటరు దూరమున నున్నది. దాని వెలుగు చేపకు పోయి, మరల కెమెరాకు వచ్చుటకు రెండు మీటర్లే నడువవలెను. అందుచేత ఎఱుపు మిగులును. అంతకు రెండుమూడురెట్లు దూరమునుండి వెలిగింపజూచినచో ఎంత బలమైన దీపమైనను వ్యర్థమే.

ఇచటనే మన యువకులు మోసపోవుచున్నారు. తెల్లని ఎల్.ఇ.డి. నిజమునకు తెల్లనిది కాదు. నీలకాంతి నిచ్చు చిన్న స్ఫటికముపై పసుపువన్నె నిచ్చు పూత పూసి, రెండు కాంతులను కలిపి తెలుపు అనిపింతురు. ఎఱ్ఱని ఎల్.ఇ.డి. 1962లోనే పుట్టినను, ప్రకాశవంతమైన నీలపుది సిద్ధించుటకు 1990 దశకము రావలసివచ్చెను. ఆ పనికే అకసాకి, అమానో, నకమురా అను మువ్వురికి 2014లో నోబెలు బహుమానము లభించినది. అయితే ఈ కూర్చిన తెలుపులో ఎఱుపు పాలు కొఱత. చల్లని తెలుపని అమ్మెడి దీపములకు ల్యూమెనులు హెచ్చుగ నుండును. ఆ సంఖ్యను చూచి కొందురు. వర్ణములను సరిగా చూపు శక్తికి సి.ఆర్.ఐ. అను కొలత గలదు. దానిలో సూర్యకాంతి నూఱయినచో ఇవి డెబ్బది ప్రాంతమున నుండును. గాఢమైన ఎఱుపును కొలుచు ఆర్-9 అను అంకె వీటిలో సున్నకంటెను క్రిందికి పోవుటయు గలదు. ఏ వస్తువుకొఱకు సముద్రములోనికి దిగితిమో ఆ వస్తువే ఈ దీపమున లేదన్నమాట! సి.ఆర్.ఐ. తొంబదికి పైబడి, ఆర్-9 మంచిగా నున్న దానిని ఎన్నుకొనుడు. వెలుగు నూటికి ఇరువదివంతులో అంతకు మించియో తగ్గును, తగ్గనిండు.

ఇక లెక్క. క్రీ కంపెనీవారి ఎక్సెమ్-ఎల్ వంటి ఎల్.ఇ.డి. 5 మిల్లీమీటర్ల చదరపు బిళ్ళ. 3 ఆంపియర్ల వఱకు ఓర్చును. అప్పుడు 10 వాట్లు తినును. మూడింటిని వరుసగా కలిపిన 30 వాట్లు, సుమారు 10 వోల్టులు. 18650 అను లిథియము ఘటములు నాలుగు వరుసగా కూర్చినచో 14.8 వోల్టులు వచ్చును. పేరులోనే కొలత యున్నది: 18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవు. మంచి ఘటములైనచో గంటకు పైగా వెలుగును. ఘటమునకు, దీపమునకు నడుమ ప్రవాహమును నిలుకడగ నుంచు డ్రైవరు తప్పక ఉండవలెను. ఎల్.ఇ.డి. వేడెక్కినకొలది తక్కువ వోల్టుకే ఎక్కువ ప్రవాహమును లాగును, దానిచే మఱింత వేడెక్కును, తుదకు కాలిపోవును. వెలుగును తగ్గించుటకు చౌక డ్రైవర్లు దీపమును సెకనుకు పెక్కుమార్లు ఆర్పివెలిగించును. కంటికి తెలియదు గాని చలనచిత్రమున చారలు పడును. ప్రవాహమునే తగ్గించు రకమును అడిగి తెచ్చుకొనవలెను.

తినిన విద్యుత్తులో సగమునకు పైగా వేడియే యగును. ఆ వేడిని సముద్రమునకు అప్పగించుటయే దీపపు ఒడలి పని. నీరు గాలికంటె ఇరువదిరెట్లకు మించి వేడిని కొనిపోవును గనుక నీటిలో నున్నంతసేపు బెంగలేదు. ఒడ్డున వెలిగించి మఱచినచో కొద్ది నిమిషములలో ముట్టుకొనరానంత కాగును. కావున వేడి మీఱినచో తానే ఆరు ఏర్పాటు ఉంచుడు. ఒడలికి అల్యూమినియము మేలు. తుప్పుపట్టని ఉక్కు దృఢమైనదే గాని వేడిని ప్రసరింపజేయుటలో అల్యూమినియమునకు పదవవంతైనను కాదు. ఇత్తడితో చేయరాదా యని మన కంచరి సోదరులు అడుగుదురు. వేడిని బాగుగనే ప్రసరింపజేయును గాని బరువు. పైగా ఉప్పునీటిలో దానిలోని యశదము కరగిపోయి లోహము పెళుసగును. ఓడల సామగ్రికి కంచు మేలనుట ఇందువలననే. అల్యూమినియమునకును అనోడైజు పూత వేయింపక సముద్రమున దింపరాదు.

ఇప్పుడు అసలు పనితనము. నీరు ప్రతి పది మీటర్లకు చదరపు సెంటీమీటరునకు ఒక కిలో చొప్పున అదిమిపట్టును. 40 మీటర్ల లోతున 6 సెంటీమీటర్ల వ్యాసముగల అద్దపు బిళ్ళమీద 113 కిలోల బరువు పడును. నూఱు కిలోల బియ్యపు బస్తాకంటె ఎక్కువ! దానిని 10 మిల్లీమీటర్ల మందపు అక్రిలిక్ బిళ్ళ సుఖముగ మోయును. కాని నీటికి బలముతో పనిలేదు, సందు చాలును. ఆ సందును మూయునది రబ్బరు ఓ-రింగు. 2.5 మిల్లీమీటర్ల లావుగల రింగునకు 2 మిల్లీమీటర్ల లోతు గాడి తీసి, రింగు ఐదవవంతు అణగునట్లు బిగింపవలెను. గాడి అడుగున లేతు మర యుంచిన గీత యొకటి చాలును, తలవెండ్రుక యొకటి చాలును, ఇసుకరేణు వొకటి చాలును. గాడిని నునుపుచేయుట యంత్రమున కొంత, చేతితో కొంత. వ్రేలికొనతో తడవి, ఇంకను గఱుకు గలదని చెప్పగలవాడే ఈ పనికి అర్హుడు. ఆ వ్రేలు మన యిండ్లలో నున్నది. నగలపని తగ్గి, పోతపనులు యంత్రాగారములకు పోయి, మన పిల్లలు తండ్రుల పనిముట్లను అటుకెక్కించుచున్న యీ దినములలో ఇది చిన్నమాట కాదని నేను తలచెదను.

మీటను ఒడలికి రంధ్రము చేసి పెట్టుట నాకు సమ్మతము కాదు. వెలుపల అయస్కాంతమును, లోపల దాని కదలికను గ్రహించు రీడ్ మీటను ఉంచినచో రంధ్రమే లేకపోవును. లేని రంధ్రము కారదు గదా!

ప్రమాదమునుగూర్చి కొంత నిలిచి చెప్పవలసియున్నది. మూసిన పాత్రలో లిథియము ఘటములుండి, అందు ఉప్పునీరు జొచ్చినచో, వాయువులు పుట్టి లోపలి ఒత్తిడి పెరుగును. పైకి తెచ్చి మూత విప్పుచున్నవాని ముఖమునకు ఆ మూత తుపాకిగుండువలె వచ్చి తగులును. ఇట్టి ప్రమాదములు దేశాంతరములందు జరిగినవి. కావున లోపలి ఒత్తిడి హెచ్చినచో దానంతట తెఱచుకొను కవాటమును తప్పక అమర్పవలెను. తడిసినదను అనుమానమున్న దీపమును ముఖమునకు ఎదురుగ పట్టుకొని ఎన్నడును విప్పరాదు. జనులకు దూరముగ నుంచుడు. ఇంటి దూలమునకు మేకు వంకరగ కొట్టినవానిని క్షమింపవచ్చును. ఈ కవాటమును మానినవానిని క్షమింపజాలను. బజారున 18650 ఘటముపై 4000 మిల్లీఆంపియరు-గంటలకు మించిన అంకె ముద్రించియున్నచో దానిని కొనకుడు. విమానమున పోవువారు విడి ఘటములను చేతిసంచిలోనే ఉంచుకొనవలెనను నియమము గలదు. మనవారు పలువురు అండమానునందు స్థిరపడియున్నందున ఇది చెప్పుచున్నాను.

పరీక్షచేయు విధమును సులభమే. ఘటములు, ఎల్.ఇ.డి.లు లేకుండ, వట్టి ఒడలిలో పలుచని కాగితము నుంచి మూయుడు. మొదట తొట్టిలో ఒక రాత్రి. పిమ్మట రాయి కట్టి, పడవనుండి త్రాటితో మీరు దిగదలచిన లోతుకంటె కొంత అధికముగ దింపి అరగంట ఉంచుడు. కాగితము పొడిగా నున్నచో సగము పని అయినది.

బల్లపరుపు అద్దమునుగూర్చి ఒక చమత్కారము. గాలిలో 120 డిగ్రీలు విచ్చుకొను కాంతి, నీటిలో వక్రీభవనముచే 81 డిగ్రీలకు ముడుచుకొనును. అందుచే అద్దకములను, కటకములను తగిలించి కాంతిని ఇంకను ఇఱుకుచేయరాదు, ఎల్.ఇ.డి.ని దాని స్వభావమునకు వదలుడు. ఇక నీటిలోని నలుసుల బాధ. దీపమును కెమెరాకు ఆనించియుంచినచో నలుసులన్నియు మంచువలె మెఱయును. ఇరువైపుల చేతులు చాచినంత దూరమున రెండు దీపములను, కొంచెము వెలుపలికి తిప్పి, వాటి కాంతి అంచులు మాత్రమే చేపపై పడునట్లు ఉంచవలెను. విశాఖకడ ఋషికొండ ప్రాంతమున మునుగువారికి ఇది మఱింత అవసరము. మన బంగాళాఖాతపు తీరజలము అండమాను నీరువలె తేటగ నుండదు. బురదనీటికి దీపము మందు కాదని మాత్రము ఒప్పుకొనవలెను.

పోషకులకు ఒక మనవి. మంచి దీపముల జత బజారున కొనుటకు మధ్యతరగతివాని నెలజీతము చాలకపోవచ్చును. అంతకంటె తక్కువలో చేసికొనవచ్చును, కాని లేతు మర యుండవలెను. వసతిగృహమునకు మఱియొక గది కట్టింతుమని నిన్న తీర్మానించితిరి. ఆ గదిలో చిన్న లేతు మర యొకటి, మాటుపెట్టు సామగ్రి, ఓ-రింగుల పెట్టె యొకటి ఉంచుటకు అనుమతింపుడు. మంచములు రెండు తగ్గినను నష్టములేదు.

రెండు దీపములను తెచ్చితిని. ఒకటి చల్లని తెలుపు, రెండవది హెచ్చు సి.ఆర్.ఐ. గలది. వెనుక వసారాలోని తొట్టిలో ఎఱ్ఱపట్టుగుడ్డ నుంచి, రెండింటిని మార్చి మార్చి వెలిగించి చూపెదరు. భోజనానంతరము దయచేయుడు. దీపములను నీటినుండి పైకెత్తవలదు. ఇంతకుముందే చెప్పితిని గదా, గాలిలో కాగును.