వైద్యుడు మరల చదువనేల?



మన పల్లెలలో ఒక మాట తరచుగా వినబడుచుండును. "క్రొత్త డాక్టరుగారు వచ్చినారు, హస్తవాసి మంచిది, ఓపికతో మాటాడుచున్నారు అని మనము సంతోషించునంతలోనే ఆయన పై చదువునకు వెళ్లిపోయినారు. అన్నేండ్లు చదివి పట్టము పుచ్చుకొన్నవారికి ఇంకను చదువేల?" అని. ఈ మాటలో కొంత తెలియమియు, కొంత న్యాయమైన కోపమును గలవు. నేను వైద్యుడను గాను, బడిపంతులుగా బ్రదికినవాడను. అయినను చదువు సంగతి కొంత యెరుగుదును గనుక ఈ ప్రశ్ననే నేడు తీసికొంటిని.

మొదట కాలము లెక్క చూతము. ఎం.బి.బి.ఎస్. అను తొలిపట్టమునకు నాలుగున్నర సంవత్సరముల పాఠమును, ఆపైన ఆసుపత్రిలో ఒక సంవత్సరపు ఇంటర్న్‌షిప్పును పట్టును. పిమ్మట ఎం.డి. గాని ఎం.ఎస్. గాని 3 సంవత్సరములు. గుండె, మూత్రపిండములు, మెదడు మున్నగువానిలో ఒక్కదానియందే ప్రావీణ్యము కోరువారికి డి.ఎం., ఎం.సిహెచ్. అని మరి 3 సంవత్సరములు. పదునెనిమిదవ యేట కళాశాలలో చేరినవాడు ఎక్కడను నిలువక నడచినను తుదిమెట్టు చేరునప్పటికి ముప్పదియేండ్ల దాపున నుండును. నిలువక నడచువారు అరుదు. ప్రవేశపరీక్షయే ఒక పెద్ద కోట. 2024లో ఆ పరీక్ష వ్రాసినవారు 2 లక్షలకు పైబడిరి. అందరకు చాలినన్ని స్థానములు లేవు. తోడివారు పెండ్లాడి బిడ్డలనెత్తుకొని తిరుగు వయస్సున వీరు గది తలుపు మూసికొని పుస్తకములతో పెనగులాడుచుందురు.

ఇంత కష్టమునకు ధనాశయే కారణమని చప్పున తేల్చువారు కలరు. ఆ సంగతికి తరువాత వత్తును. ముందు విద్యయొక్క స్వభావమును గమనింపుడు. నేను చదువుకొన్న సంప్రదాయమున పంచకావ్యములు ముగించినవానిని పండితుడనరు. ఇక చదువుటకు అర్హుడైనాడందురు. అటుపై వ్యాకరణమున కొక గురువును, తర్కమున కొక గురువును వెదకికొనుచు ఊరు విడిచి పోవలసినదే. వైద్యమున తొలిపట్టము అట్టిదే. సుశ్రుతసంహితలో శిష్యుడు శాస్త్రము చదివినను, రోగిపై కత్తి పట్టుటకు ముందు గుమ్మడికాయలమీదను సొరకాయలమీదను కోత నభ్యసింపవలెనని విధి కలదు. తెలియుట వేరు, చేయి తిరుగుట వేరు. నేటి ఎం.ఎస్. చదువున జరుగునదియు అదియే. శిష్యుడు మొదట గురువు ప్రక్కన నిలిచి చూచును. పిదప పనిముట్టు అందించును. ఆ పిదప గురువు చూచుచుండగా తాను చేయును.

గర్భమున బిడ్డ అడ్డము తిరిగినదని కనిపెట్టుటకు తొలిచదువు చాలును. కడుపు కోసి బిడ్డను తీయుటకు అది చాలదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున అర్ధరాత్రి అట్టి తల్లిని 108 బండి యెక్కించి పంపి, ఆ బండి దీపము కనుమరుగగువరకు వాకిట నిలిచిన వైద్యుడు మరునాడు ప్రవేశపరీక్ష పుస్తకము తెరచెనేని, వానిని ధనాశాపరుడని నేననజాలను.

ఉద్యోగమున నున్న వైద్యుడు మరల విద్యార్థి యగుటవలన లోకమునకు కలిగిన మేలునకు మన సికింద్రాబాదే సాక్షి. రోనాల్డ్ రాస్ అను ఆంగ్లేయుడు 1881లో సైనిక వైద్యోద్యోగిగా భారతదేశమునకు వచ్చెను. ఏడేండ్లు కొలువు చేసి, 1888లో సెలవుపై లండనునకు పోయి, ప్రజారోగ్యశాస్త్రమున డిప్లొమా పుచ్చుకొని, సూక్ష్మజీవిశాస్త్రమును అభ్యసించెను. సెలవు దినములను విందులయందు గడపినను అడుగువారు లేరు. తిరిగివచ్చి చలిజ్వరముపై పరిశోధన కారంభించెను. లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు 1880లోనే ఆ జ్వరమునకు కారణమగు క్రిమిని రోగి నెత్తుటిలో చూచినట్లు ప్రకటించియుండెను. రాస్ ఎంత వెదకినను ఆ క్రిమి కానరాలేదు. అది యసలు కలదో లేదో యని సంశయించెను కూడ. 1894లో మరల సెలవుపై పోయినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్ అను పెద్దవైద్యుడు అతనిని సూక్ష్మదర్శినిముందు కూర్చుండబెట్టి, ఇదిగో క్రిమి యని చూపెను. పదుమూడేండ్లు వైద్యము చేసినవానికి, మధ్య ఒక డిప్లొమా సంపాదించినవానికి సైతము చూపించు గురువు కావలసివచ్చెను!

ఆ పిమ్మట రాస్ సికింద్రాబాదునకు వచ్చి, ఒక రోగిని కుట్టిన దోమ కొక అణా చొప్పున అతనికే యిచ్చి, ఆ దోమలను కోసి పరీక్షింపసాగెను. 1897 ఆగస్టు 20వ తేదీన దోమ కడుపులో ఆ క్రిమి కనబడెను. 1902లో అతనికి నోబెల్ బహుమానము లభించెను. నేడు మన యింటి ముందరి మురుగుగుంటను పూడ్పించుమని ఆరోగ్యకార్యకర్త చెప్పుచున్నదన్నచో ఆ మాటకు మూలము అచ్చట నున్నది.

మనవాడే యగు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము ఇంకను హృదయమును తాకునట్టిది. ఆయన 1895లో భీమవరమున జన్మించెను. స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధి ఆయన యింట సోదరులను బలిగొనెను. చెన్నపట్టణమున వైద్యవిద్య ముగించి, ఆయుర్వేద కళాశాలలో శారీరశాస్త్రము బోధించుచు కాలము గడపవచ్చును. ఆ జీవితము ఆయనకు రుచింపలేదు. అమెరికాలోని బోస్టను చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల చదువు చదివెను. పొట్టకూటికి ఆసుపత్రిలో రోగుల పాత్రలు కడిగెను. పట్టభద్రుడగు వైద్యుడు పాత్రలు కడుగుట! 1930లో జీవరసాయనశాస్త్రమున డాక్టరు పట్టము నందెను. తరువాత ఆయన నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసిరి. స్ప్రూ వ్యాధిలోని రక్తహీనతకు ఔషధము అదియే. మన కోడండ్రకు గర్భవతులుగా నున్నప్పుడు ఉపకేంద్రమునందు పంచి పెట్టు ఇనుపమాత్రలో కలసియున్నదియు అదియే. 1948లో ఆయన విదేశముననే కన్నుమూసెను.

ఇక ధనాశ మాట. అందరును రాసులు, సుబ్బారావులు కారు. వాకిట పలకపై పేరు వెనుక అక్షరములు పెరిగిన కొలది రుసుము పెరుగుననియు, పల్లెలో రాత్రి కొలువు తప్పుననియు, మంచి సంబంధము వచ్చుననియు చదువువారు గలరు. స్థానమునకై తండ్రి పొలము నమ్మించి, ఆ సొమ్మును తరువాత రోగులవద్ద రాబట్టుకొనువారును గలరు. దీనిని నేను సమర్థింపను. అయితే ఇందు మన పాలును కొంత కలదు. మూడునాళ్ల జలుబునకు కూడ "పెద్ద డాక్టరు" కావలెనని పట్టణమునకు పరుగెత్తువారము మనమే గదా! చేరువనున్న మంచివైద్యుని "ఉత్త ఎం.బి.బి.ఎస్." అని చప్పరించు నోరును మనదే. "ఉత్త" యను ఆ రెండక్షరములు ఎందరు పిల్లలను పల్లె దాటించినవో!

నర్సుల చదువునుగూర్చి మనవారు తలంపనే తలంపరు. నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగు మీద రెండేండ్ల ఎం.ఎస్సీ. కలదు. రాబోవు నర్సులకు బోధించుటకు ఆ చదువు కావలెను. కాని అది ముగించినవారిలో పెక్కండ్రు పాఠములకు పోవుదురు గాని రోగి మంచమువద్ద నిలువరు. ఇది నాకు కొరతగానే తోచును.

న్యాయమైన కోపము అంటిని. దానిని ఇప్పుడు చెప్పుదును. మైదానములందు 1,20,000 జనమునకు, కొండ ప్రాంతములందు 80,000 జనమునకు ఒక సామాజిక ఆరోగ్యకేంద్రము ఉండవలెననియు, అందు శస్త్రవైద్యుడు, సాధారణ వ్యాధుల నిపుణుడు, స్త్రీవైద్య నిపుణురాలు, శిశువైద్యుడు అని నలుగురు ఉండవలెననియు ఏర్పాటు. 2021-22 నాటి కేంద్రప్రభుత్వ లెక్కలనుబట్టి దేశమున గ్రామప్రాంతపు కేంద్రములకు కావలసిన యీ నిపుణులలో నూటికి దాదాపు 80 మంది లేరు. కోయు చేయి యున్నచోట మత్తుమందిచ్చు చేయి లేక, గర్భిణిని జిల్లా ఆసుపత్రికి పంపు కేంద్రములు కలవు. మన యూరి డాక్టరు పై చదువునకు పోవుట తప్పు కాదు. పోయినవాడు మరల ఇటు చూడకపోవుటయే మనకు తగిలిన దెబ్బ.

దీనికి కొన్ని ఉపాయములు లేకపోలేదు. సర్కారు కొలువున పల్లెలలో పనిచేసిన వైద్యులకు పై చదువున కొన్ని స్థానములు ప్రత్యేకించు అధికారము రాష్ట్రములకు కలదని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పినది. అట్టి స్థానమున చదివినవాడు మరల సర్కారు ఆసుపత్రికే రావలెనని షరతు విధింపవచ్చును. ఎం.బి.బి.ఎస్. వైద్యునికే 18 వారముల శిక్షణ నిచ్చి, కాన్పు కష్టమైనప్పుడు మత్తుమందిచ్చు నేర్పు కలిగించు పద్ధతియు ఏర్పడినది. మూడేండ్లు ఎదురుచూడ వీలులేని చోట్ల నా దృష్టిలో ఇది మిక్కిలి తెలివైన పని. 2020లో మరియొక నియమము వచ్చినది. ఎం.డి., ఎం.ఎస్. విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రి వ్యవస్థలో పనిచేయవలెను.

ఆ వచ్చువారిలో పలువురు నగరములలో పుట్టి పెరిగినవారు. మన యెండయు, మన బాటలును వారికి క్రొత్త. వైద్యుని నివాసగృహమునకు తలుపు గడియ పడుచున్నదో లేదో, కుళాయిలో నీరు వచ్చుచున్నదో లేదో ఆసుపత్రి అభివృద్ధి సంఘమునందున్న పెద్దలు ఒకసారి పోయి చూడవచ్చును. మీ యూరి డాక్టరు పై చదువునకు పోవుచున్నానని సెలవు తీసికొనునప్పుడు, ఏ శాఖ చదువబోవుచున్నారు, ముగిసిన పిమ్మట ఎచ్చట పనిచేయవలసియుండును అని అడుగుడు. పూలదండ వేసి పంపినవారిని చాలమందిని చూచితిని గాని, ఈ రెండు ప్రశ్నలు అడిగినవారిని నేను అంతగా చూడలేదు.