చాక్లెట్ ఫ్యాక్టరీ కథకుడు



మీ ఇంట్లో ఇంగ్లీషు కథలు చదివే పిల్లలుంటే రోల్డ్ డాల్ పేరు వినే ఉంటారు. నార్వే తల్లిదండ్రులకు 1916లో వేల్స్‌లో పుట్టి, 1990లో కన్నుమూసిన రచయిత. పెద్దల దౌర్జన్యం మీద చిన్నవాళ్లు గెలవడం ఆయన కథల్లోని గమ్మత్తు. 'మటిల్డా'లో ఒక చిన్నపిల్ల రాక్షసి లాంటి హెడ్మిస్ట్రెస్‌ను ఊరు విడిచి పారిపోయేలా చేస్తుంది.

యానాం శ్రోతలకు ఒక ముచ్చట. 1964లో వచ్చిన 'చార్లీ అండ్ ది చాక్లెట్ ఫ్యాక్టరీ'లో పాండిచ్చేరి యువరాజు ఒకాయన ఉన్నాడు. చాక్లెట్‌తో కోట కట్టించుకుంటాడు. ఎండకు ఆగదు, తినేయండి అంటే వినడు. కోట కాస్తా కరిగిపోతుంది. మన ఎండ సంగతి మన రాజుకే తెలియదట! సరే, నవ్వుకుందాం.

నవ్వు రాని చోటు కూడా ఆ పుస్తకంలోనే ఉంది. ఫ్యాక్టరీలో పనిచేసే ఊంపా లూంపాలు మొదటి ముద్రణలో ఆఫ్రికా అడవుల నుంచి పెట్టెల్లో పెట్టి తెచ్చిన పొట్టి నల్లవాళ్లు. కూలి కోకో గింజలు. బానిసల ఓడలు గుర్తుకు రావూ? అమెరికాలో నల్లజాతివారు అభ్యంతరం చెప్పారు. 1973 ముద్రణలో డాల్ వాళ్లకు తెల్లని ఒళ్లు, బంగారు జుట్టు, ఒక కల్పిత దేశం ఇచ్చాడు. రంగు మారింది గాని కూలి మారలేదు.

యూదుల విషయంలో ఆ మాత్రం దిద్దుబాటు కూడా లేదు. 1983లో ఒక పత్రికతో మాట్లాడుతూ, యూదుల స్వభావంలోనే ఏదో లోపముందనీ, హిట్లర్ ఊరికే వాళ్ల మీద పడలేదనీ అన్నాడు. లక్షల మంది పసిపిల్లలను కూడా చంపిన ఘోరం గురించి, పిల్లల రచయిత అన్న మాట అది! ఆయన కుటుంబం క్షమాపణ చెప్పింది 2020లో.

ఇదే మనిషి 1962లో ఏడేళ్ల కూతురు ఒలీవియాను తట్టు జబ్బుకు పోగొట్టుకున్నాడు. 1986లో, పిల్లలకు టీకా వేయించండని తల్లిదండ్రులను వేడుకుంటూ రాశాడు. ఆ దుఃఖమూ నిజమే, ఆ ద్వేషమూ నిజమే. ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టేయలేం.

2023లో ప్రచురణకర్తలు ఆయన పుస్తకాల్లో నొప్పించే మాటలు మార్చారు. గొడవయ్యాక పాత పాఠాలు కూడా అచ్చులో ఉంచుతామన్నారు. నాకైతే చాటుగా దిద్దడం కన్నా ఎదురుగా మాట్లాడుకోవడం మేలనిపిస్తుంది. పుస్తకం దాచకండి. పక్కన కూర్చుని చదివించండి. కోకో గింజల కూలి దగ్గర పిల్లవాడు ఆగి, "వీళ్లకు డబ్బులు ఎందుకివ్వలేదు?" అని అడిగితే, పేజీ తిప్పమని తొందరపెట్టకండి.