ఎండ, వంశము, ఉద్యోగ భద్రత

(అడాజన్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సభయందు చేసిన ప్రసంగ పాఠం)



జీతభత్యములను గూర్చి తరచు చర్చించుకొను మనము నేడొక వ్యాధిని గూర్చి తెలిసికొనవలసియున్నది. దాని పేరు మల్టిపుల్ స్క్లీరోసిస్. దేహమును కాపాడవలసిన రోగనిరోధక శక్తియే మెదడులో, వెన్నుపాములో నరములపైనున్న మైలిన్ పొరను దెబ్బతీయును. తొడుగు చెడిన సిగ్నల్ కేబుల్ వలె నరము సందేశమును సరిగా చేరవేయదు. చూపు మసకబారును, కాళ్లు తిమ్మిరెక్కును, నడక తడబడును. 20 నుండి 40 ఏండ్ల వయస్సున, అనగా ఉద్యోగపు తొలి దశలోనే, ఇది ఎక్కువగా బయటపడును. పురుషులకంటె స్త్రీలకు అధికము.

భూమధ్యరేఖకు దూరమైనకొలది ఈ వ్యాధి హెచ్చుగా కానవచ్చును. ఎండ తక్కువైనచోట చర్మములో విటమిన్ డి తయారీ తగ్గును. అమెరికా సైనికుల రక్త నమూనాలపై 2006లో వెలువడిన పరిశోధన, విటమిన్ డి అధికముగానున్న శ్వేతజాతీయులలో వ్యాధి తక్కువగా వచ్చినదని తెలిపినది. పుట్టుకతోనే విటమిన్ డి తక్కువగానుండు జన్యులక్షణములు గలవారికి ముప్పు హెచ్చని 2015 నాటి మరియొక పరిశోధన సూచించినది.

అయితే ఎండ ఒక్కటే కారణమా? ఈ సూరత్ నగరము పార్సీలకు శతాబ్దాల నివాసము. 1988లో ప్రకటితమైన అధ్యయనములో బొంబాయి పార్సీలలో లక్షకు సుమారు 21 మందికి ఈ వ్యాధి కనిపించినది. ఇతర భారతీయులలో నాడు కనుగొన్న సంఖ్య దీనికి చాల తక్కువ. ఎండ అందరికి ఒక్కటే, వంశము వేరు. కాని వంశమే సర్వస్వము కాదు. ఏకరూప కవలలలో ఒకరికి వ్యాధి వచ్చినచో రెండవవారికి వచ్చునది సుమారు నలుగురిలో ఒకరికే. ఎప్‌స్టీన్-బార్ వైరస్ పాత్రను 2022 నాటి పరిశోధన బలముగా చాటినది. కనుక కారణములు పెక్కు.

ఎండ మెండుగానున్న తిరుపతి ప్రాంతముననే విటమిన్ డి లోపము విస్తారముగా కనుగొనబడినది. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రించు మనవారు ఈ లోపమును గమనించుకొనవలెను. కాని వైద్యుని అడుగక మాత్రలు మ్రింగరాదు. మోతాదు మించినచో రక్తములో కాల్షియం పెరిగి మూత్రపిండములు చెడును. వ్యాధి సోకినవారికి విటమిన్ డి అసలు మందునకు బదులు కాజాలదు.

మిత్రులారా, ఉద్యోగము పోవునను భయముతో రోగమును దాచుకొనుట మరింత ప్రమాదకరము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని తన జాబితాలో చేర్చినది. సర్వీసులోనుండగా వైకల్యము కలిగిన ప్రభుత్వోద్యోగిని తొలగించుటగాని, హోదా తగ్గించుటగాని కూడదని 20వ సెక్షను చెప్పుచున్నది. పాత పని చేయజాలనివానికి అదే వేతన స్కేలుతో వేరు పని ఈయవలెను. అట్టి ఖాళీ లేనిచో, అది దొరకువరకు లేదా పదవీ విరమణ వరకు అదనపు పోస్టులో ఉంచవలెను.

ఇది దయాదాక్షిణ్యము కాదు, హక్కు. చూపు తగ్గిన లోకో పైలట్‌కు, నడువలేని పోస్ట్‌మన్‌కు ధ్రువపత్రము ఇప్పించుట మొదలు కొత్త పోస్టు లభించువరకు తోడు నిలుచుట ప్రతి శాఖ కర్తవ్యము. మీ శాఖలో అట్టివారెవరైన ఉన్నారేమో రేపే విచారింపుడు.