తహసీల్దారు గారబ్బాయి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆధ్యాత్మికవేత్తలు పాశ్చాత్యులపై చూపిన ప్రభావాన్ని గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. 1893లో చికాగో వెళ్లిన వివేకానందులవారు మొదలుకొని అందరినీ పది నిమిషాల్లో ఏకరువు పెడితే సీనియారిటీ లిస్టు చదివినట్లుంటుంది. అందుకని ఒక్కరి గురించే మనవి చేస్తాను. ఆయన మన రెవిన్యూ శాఖ ఇంట్లో పుట్టినవారే. జిడ్డు కృష్ణమూర్తిగారు.

1895లో మదనపల్లెలో పుట్టారు. అప్పటికది కడప జిల్లా. చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. తండ్రి నారాయణయ్యగారు తహసీల్దారుగా చేసి 1907లో రిటైరయ్యారు. భార్య అప్పటికే కాలం చేసింది. చేతికందేది సగం జీతం పెన్షను, సాకవలసింది నలుగురు మగపిల్లలను. ఆ ఇబ్బంది ఈ సభలో వేరే వివరించనక్కరలేదు. దివ్యజ్ఞాన సమాజంలో పాత సభ్యుడు కనుక అక్కడే ఏదో పని అడిగి సంపాదించుకుని, 1909లో పిల్లలతో అడయారు చేరారు. అక్కడి సముద్రపుటొడ్డున లెడ్‌బీటర్ దొర కంట పడ్డాడు కృష్ణ. రాబోయే జగద్గురువు ఈ కుర్రవాడిలోనే అవతరిస్తాడని ఆయన తేల్చారు. అనీబిసెంట్‌గారు కృష్ణనూ, తమ్ముడు నిత్యానందనూ తన సంరక్షణలోకి తీసుకుని ఇంగ్లండు తీసుకువెళ్లారు. ముందు ఒప్పుకుని సంతకం చేసిన తండ్రే, తరువాత మనసు కొట్టుకుని 1912లో దావా వేశారు. మద్రాసు హైకోర్టులో గెలిచారు. 1914లో లండన్ ప్రివీ కౌన్సిలులో ఓడిపోయారు. బిడ్డలు దక్కలేదు. నేను చదువుతూ చదువుతూ అక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

ఇక ఆ కుర్రవాడు చేసిన పని చూడండి. 1929 ఆగస్టు 3న హాలండులోని ఒమెన్‌లో, మూడువేల మందికి పైగా అనుచరుల ఎదుట, తన కోసం పెట్టిన సంస్థనే రద్దు చేశాడు. సత్యానికి ఏ సంస్థా దారి వేయలేదన్నాడు. కానుకగా వచ్చిన కోటను, భూములను దాతకు తిరిగి అప్పగించాడు. మనం ఆఫీసులో ఒక కుర్చీ వదలడానికి ఎంత బాధపడతామో ఆలోచించండి!

గురువునని చెప్పి పేరు తెచ్చుకున్నవారు చాలామంది. ఈయన గురువే వద్దని చెప్పారు. పాశ్చాత్యులు ఆయన దగ్గర తీసుకున్నది మంత్రం కాదు, మాల కాదు, తన మనసును తానే గమనించుకోవడం. రచయిత ఆల్డస్ హక్స్‌లీ 1954లో ఆయన పుస్తకానికి ముందుమాట రాశారు. భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్ ఏళ్ల తరబడి ఆయనతో చర్చలు జరిపారు. 1961 నుంచి 1985 వరకు ప్రతి వేసవిలోనూ స్విట్జర్లాండులోని సానెన్‌లో ఆయన మాటలు వినడానికి ఎన్నో దేశాలవారు చేరేవారు. 1969లో ఇంగ్లండులో బ్రాక్‌వుడ్ పార్క్ స్కూలు వెలిసింది. మన మనవలు సినిమాల్లో చూసే బ్రూస్ లీ కూడా నడుం దెబ్బతిని మంచంపట్టినప్పుడు ఈయన పుస్తకాలే చదివాడట.

ఇక నా సంగతి. 1982 నుంచి మూడేళ్లు మదనపల్లె తాలూకా ఆఫీసులో యు.డి.సి.గా చేశాను. రిషీవ్యాలీ అక్కడికి కొద్ది మైళ్లే. ప్రతి చలికాలం ఆయన వస్తున్నారని తెలుసు. 'ఇంగ్లీషులో చెబుతారు, మనకేం అర్థమవుతుంది, పైగా జమాబందీ పని' అని ఒక్కసారి కూడా వెళ్లలేదు. 1986 ఫిబ్రవరిలో ఆయన కాలిఫోర్నియాలోని ఓహైలో పోయారని పేపర్లో చదివి, పేపరు మడిచి పెట్టాను.

పోయిన ఏడాది అదే కాలిఫోర్నియా నుంచి మా మనవరాలు ఫోన్ చేసి, "తాతయ్యా, నువ్వు మదనపల్లెలో పనిచేశావుగా, కృష్ణమూర్తిని చూశావా?" అని అడిగింది. బోమ్‌తో ఆయన సంభాషణల పుస్తకం వాళ్ల కాలేజీలో చదువుతున్నారట. చూడలేదమ్మా అన్నాను. ఎందుకు చూడలేదంది. జవాబు లేదు. అప్పుడే పుస్తకాలు తెప్పించుకున్నాను.

చిన్నప్పుడే విదేశం వెళ్లి ఆయన తెలుగు మరిచిపోయారు. మా మనవరాలికీ తెలుగు అంతంతమాత్రం. ఆదివారం ఆదివారం ఫోనులో ఆమె ఒక పేజీ ఇంగ్లీషులో చదువుతుంది, నేను తోచినంతవరకు తెలుగులో చెబుతాను. ఇప్పటికి నలభై పేజీలయింది. కొన్నిచోట్ల ఇద్దరికీ అర్థం కాదు. అక్కడ గుర్తు పెట్టుకుని ముందుకు పోతున్నాం.

నాకిచ్చిన వ్యవధి మించింది. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సెలవు.