విశ్రాంతధనము – విశ్వాసపాత్రుడగు సలహాదారు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ సభలో కావ్యప్రసంగము చేయుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. సహకారసంఘములో జమాఖర్చులు వ్రాసి బ్రతుకువాడను; గురుముఖమున చదివినవాడను కాను. కావున నాకు తెలిసిన పద్దులలోనికే మిమ్ము గొనిపోయెదను. ఉద్యోగవిరమణ వేళ చేతికి వచ్చిన ధనమును గూర్చి ఎవరి మాట నమ్మవలె ననునదే నా విషయము.

మన గ్రంథాలయములో మిక్కిలి నలిగిన పుస్తకములలో చిన్నయసూరిగారి నీతిచంద్రిక యొకటి. 1853లో వెలువడిన ఆ గ్రంథములోని ముసలిపులి కథ మీరెరిగినదే. బంగారు కంకణము చూపి, వృద్ధాప్యమున ధర్మమార్గము పట్టితినని పలికి, బాటసారిని బురదలోనికి దింపినది. కంకణము నిజమైనదే. పులి కల్లలాడినది తనకేమి కావలెనో దానిని గూర్చి. చిన్ననాట చదివినపుడు ఈ భేదము నాకు తోచలేదు.

2016లో మా వీధి మాస్టారొకరు పదవీవిరమణ చేసిరి. గ్రాట్యుటీ, కమ్యుటేషను కలిసి పెద్దమొత్తమే వచ్చెను. నెల తిరుగక మునుపే పట్నమునుండి ఒక యువకుడు వచ్చి, మాస్టారి పాదములకు నమస్కరించి, తాను చెప్పునది ఫిక్సెడు డిపాజిట్టువంటిదే గాని అంతకన్న మేలైనదనెను. మాస్టారు కాగితములు తెచ్చి, “ఏమోయ్, లెక్క చూడు” అనిరి. కూడికలు చూచితిని. తప్పు లేదు. సరియేనంటిని, సాక్షిసంతకము కూడ చేసితిని. అమ్మినవానికెంత ముట్టునో మాత్రము అడుగలేదు.

మరుసటి యేడు మరల 2 లక్షలు కట్టుమని జాబు వచ్చెను. అది డిపాజిట్టు కాదు; పదియేండ్లు కట్టవలసిన బీమా పాలసీ! పెన్షనులో అంత కట్టుట యెట్లు? ఆపివేసిరి. కట్టినదానిలో చాలభాగము పోయెను. పాలసీ అందిన 15 దినములలో వలదని తిప్పి పంపు హక్కు అప్పటికే యుండెను (2024లో దానిని 30 దినములు చేసిరి). మాలో నెవ్వరమును ఆ కాగితము తుదివరకు చదువలేదు. మాస్టారు నన్నొక్కమాట అనలేదు. ఇప్పటికిని సాయంకాలము ఆ కిటికీప్రక్క బల్లపై పత్రిక చదువుచునే యుందురు. ఆయన అనకపోవుటయే నాకు బరువు.

నాటినుండి సలహా చెప్పవచ్చిన వానిని నేను మొదట అడుగునది ఒక్కటే: నాయనా, నీకు కూలి యెవరిత్తురు? కంపెనీవారిచ్చినచో అతడు విక్రేత. విక్రేత యగుట దోషము కాదు. కాని కిరాణాకొట్టువానిని పథ్యమేదని అడుగముగదా! మ్యూచువల్ ఫండ్లు అమ్మువారికి ఏ.ఆర్.ఎన్. సంఖ్య యుండును, వారి కమీషను ఫండువారినుండి వచ్చును. 2013 నాటి సెబి నిబంధనల క్రింద నమోదయిన పెట్టుబడి సలహాదారుల సంఖ్య ఐ.ఎన్.ఏ. అను అక్షరములతో మొదలగును. వీరు మన రుసుమే పుచ్చుకొనవలెను. మనకు చెప్పిన పథకముపై కమీషను తినరాదు. ఆ సంఖ్యను సెబి వెబ్‌సైటులో మన పిల్లలెవరైనను సరిచూచి చెప్పగలరు. రుసుము నగదుగా అడిగినను, పెట్టుబడిసొమ్ము తన పేరనే చెక్కు వ్రాయుమన్నను, ఇంతలాభము తప్పదని పలికినను, మజ్జిగ యిచ్చి సాగనంపుడు.

సంఖ్య యున్నంతనే వివేకి యనుటకు వీలులేదు. మన అప్పులు, ఇంటి రోగములు, పెండ్లికెదిగిన పిల్ల – ఇవేవియు అడుగకయే పథకము పేరెత్తువాడు నాడి చూడని వైద్యుడు. “నేడే ఆఖరుదినము” అనువాడు మరింత అపాయకరుడు.

అసలు చాలమందికి సలహాదారే అక్కరలేదు. 60 యేండ్లు నిండినవారికి 2004లో వచ్చిన వృద్ధుల పొదుపుపథకము పోస్టాఫీసులోనే గలదు. మూడునెలలకొకమారు వడ్డీ వచ్చును; 2023లో పరిమితిని 15 లక్షలనుండి 30 లక్షలకు పెంచిరి. దీనిని చెప్పుటకు పట్నమునుండి ఎవ్వరును రారు. దానిపై ఏజెంట్ల కమీషను 2011లోనే తీసివేసిరి!

ఆదివారము ప్రొద్దున నేనిచ్చటనే యుందును. కాగితములు తెండు, సంతకము చేయకమునుపే తెండు. మాస్టారును కూర్చుందురు. మొన్న ఒకరి కాగితములు చూచునపుడు, “అబ్బాయికెంత ముట్టును?” అని నాకన్న ముందు ఆయనయే అడిగిరి.