నీరు పల్లమెరుగు, పటం ఎరుగునా?
(నడికుడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



సర్వే నంబరు, హద్దులు, విస్తీర్ణం. ఎఫ్‌ఎంబీ పటంలో మనం చూసేవి ఇవే. అందులో పొలమంతా బల్లపరుపే. కానీ 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన నాటి నుంచి పల్నాడుకు ఒకటి తెలుసు: కాలువ మట్టానికి పైనున్న చేను మెట్టగానే మిగిలింది. నడికుడి–శ్రీకాళహస్తి లాంటి రైలు మార్గానికి కట్ట వేస్తే వాననీరు ఎటు మళ్లుతుందన్నదీ ఎత్తుపల్లాల లెక్కే.

ఇప్పుడు డ్రోన్ ఫొటోలతో, తెర మీద ఎత్తుపల్లాలు లేచి కనిపించే త్రీడీ పటాలు వస్తున్నాయి. మంచిదే. అయితే కంటికి ఆనాలని వాటిలో ఎత్తును రెండు మూడు రెట్లు పెంచి చూపడం మామూలు. చిన్న మిట్ట గుట్టలా కనబడుతుంది. నీరెక్కే చేను ఎక్కనట్టు తోస్తుంది. బొమ్మను తిప్పితే మిట్ట చాటున చేను దాగిపోతుంది. మౌస్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు చూపిందే చూస్తాం.

కాబట్టి అలాంటి పటం చూపినప్పుడు మూడు మాటలు అడుగుదాం. ఎత్తును ఎన్ని రెట్లు పెంచారు? తూము మట్టం, చేను మట్టం మీటర్లలో ఎంత? ఆ లెక్కతో మా వెంట గట్టు మీదికి వస్తారా?

మన నమూనా మనమూ చేసుకోవచ్చు. ఫిలిప్పీన్స్‌లో 1990లలోనే గ్రామస్థులు ఒకే ఎత్తును కలిపే గీతల వెంట అట్టలు కోసి, దొంతరగా పేర్చి, తమ కొండలు, వాగులు తయారుచేశారు. దాని చుట్టూ నిలబడితే చదువురాని వారూ వేలు పెట్టి చూపగలరు. వానకు నీరెటు పారేదీ మనకన్నా ఎవరికి తెలుసు? ప్రతి గ్రామ కమిటీ ఒక నమూనా చేయాలి. అధికారులతో మాట్లాడేటప్పుడు దాన్నే ముందుంచుదాం.